స్నూజ్ నొక్కితే రేపటి అలారం జరిగిపోతోంది!

కిందటి నెల ఇదే పేజీలో ఆండ్రాయిడ్ ఫోన్‌కి సొంతంగా ఒక చిన్న అలారం యాప్ ఎలా మొదలుపెట్టాలో రాశాను. చివర్లో "స్నూజ్ మీరే కలుపుకోండి, పెద్ద పనేం కాదు" అని ఒక ముక్క పడేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ముక్క మీదే. పెద్ద పనే, ఒప్పుకుంటున్నాను. పదండి.

ప్రశ్న: అన్నా, నేను బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాను. మీరు రాసింది చూసి యాప్ చేసుకున్నా. 5:30కి అలారం, 6:10కి కంపెనీ క్యాబ్. స్నూజ్ నొక్కితే అలారం టైముకి పది నిమిషాలు కలిపేలా రాశాను. సోమవారం బ్రహ్మాండంగా పనిచేసింది. మంగళవారం 5:40కి మోగింది. బుధవారం 5:50కి. గురువారం ఆరింటికి మోగితే అలవాటుగా ఒకసారి నొక్కి పడుకున్నా, మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కింద డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: తప్పేంటో ప్రశ్నలో నువ్వే చెప్పేశావు తమ్ముడూ. "అలారం టైముకి పది నిమిషాలు కలిపేలా" రాశావు చూడు, అదే. 5:30 అనేది రాత్రి బుద్ధిగా కూర్చుని నువ్వు పెట్టుకున్న నియమం. స్నూజ్ అనేది తెల్లారుజామున కళ్ళు మూసుకుని అడిగిన బతిమాలాట. బతిమాలాటని తీసుకెళ్ళి నియమం మీద రాసేస్తే రోజుకి పది నిమిషాల చొప్పున అలారం జారుకుంటూ పోతుంది. మళ్ళీ సోమవారం వచ్చేసరికి ఆరున్నర దాటిపోయేది, క్యాబ్ వాడు నిన్ను ముందే కాపాడాడు.

డేటాబేస్‌లో అలారానికి గంట, నిమిషం, ఏయే రోజులు అన్న గడులు ఉంటాయి కదా, స్నూజ్ కోడ్ వాటి జోలికి అస్సలు వెళ్ళకూడదు. వాటి పక్కన ఇంకో గడి పెట్టు, "స్నూజ్ ఎప్పటిదాకా" అని. మామూలుగా అది ఖాళీగా ఉంటుంది, స్నూజ్ నొక్కినప్పుడు అందులో ఒక సమయం పడుతుంది, అది మోగగానే మళ్ళీ ఖాళీ అయిపోతుంది. రేపటి అలారం ఎప్పుడు అని లెక్క కట్టేటప్పుడు ఆ గడి వైపు చూడనే వద్దు.

ఇది సరిచేయగానే ఇంకో గుంటలో పడతావు, ఇప్పుడే చెప్పేస్తాను. అలారం పెట్టేటప్పుడు సిస్టమ్‌కి ఒక పెండింగ్ ఇంటెంట్ ఇస్తాం, అంటే టైముకి చేయాల్సిన పని (అదే ఇంటెంట్) రాసిన చీటీ, దానికో రిక్వెస్ట్ కోడ్ అనే నంబర్ ఉంటుంది. గుడి బయట చెప్పుల స్టాండ్‌లో టోకెన్ లాంటిది అనుకో. ఏడో నంబర్ గడిలో ఇప్పటికే ఒక జత ఉంది, నువ్వు ఇంకో జత పట్టుకెళ్ళి అదే ఏడో నంబర్ అంటే, ఇక్కడి స్టాండ్ వాడు గొడవ పెట్టుకోడు, పాత జత తీసి అవతల పారేసి కొత్తది పెడతాడు. రేపటి 5:30కీ ఇవాళ్టి స్నూజ్‌కీ ఒకే ఇంటెంటూ ఒకే రిక్వెస్ట్ కోడూ ఇస్తే జరిగేది సరిగ్గా అదే: స్నూజ్ మోగుతుంది, రేపటిది నోరెత్తకుండా పోతుంది. ఎక్‌స్ట్రాల్లో, అంటే ఇంటెంట్‌తో పంపే అదనపు వివరాల్లో, "ఇది స్నూజ్" అని రాశాను కదా అంటావేమో, రెండు ఇంటెంట్లు ఒకటేనా కాదా అని పోల్చేటప్పుడు ఆండ్రాయిడ్ ఎక్‌స్ట్రాలను లెక్కలోకి తీసుకోదు. అందుకని స్నూజ్‌కి వేరే యాక్షన్ పేరు పెట్టు, లేదా అలారం నంబర్‌కి లక్ష కలిపి దాన్ని స్నూజ్ కోడ్‌గా వాడు, నేనైతే రెండూ చేస్తాను.

వరస కూడా ముఖ్యమే. అలారం మోగగానే, స్క్రీన్ చూపించడానికి కూడా ముందు, రేపటి అలారం పెట్టేసెయ్. ఆ తర్వాత మనిషి స్నూజ్ నొక్కినా, ఆపేసినా, ఫోన్ విసిరికొట్టినా రేపటికి ఢోకా ఉండదు. "రిపీట్ అయ్యే అలారం ఒక్కసారి పెడితే చాలదా" అని ఒకరిద్దరు అడిగారు. చాలదు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 వెర్షన్ నుంచీ ఆ రిపీట్ అలారాలు కచ్చితమైన టైముకి మోగవు, బ్యాటరీ మిగల్చడానికి సిస్టమ్ వాటిని అటూఇటూ జరుపుతుంది. ఒక్కోటీ మోగినప్పుడు తర్వాతది పెట్టుకుంటూ పోవడమే.

ఇంకొకటి, ఇది చాలా యాప్‌లలో చూశాను: స్నూజ్ పెండింగ్‌లో ఉండగా ఆ అలారాన్ని జాబితాలోంచి తీసేస్తే, అసలుది రద్దవుతుంది కానీ స్నూజ్ అలాగే ఉండిపోయి పది నిమిషాలకి దెయ్యంలా మోగుతుంది. తీసేసేటప్పుడు రెండు టోకెన్లూ రద్దు చెయ్.

పది నిమిషాలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి అన్నది నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. 5:30కి మోగింది, నువ్వు 5:34కి నొక్కావు, మళ్ళీ 5:40కా, 5:44కా? నా ఓటు 5:44కే. "ఇంకో పది నిమిషాలు" అన్నవాడు ఆ మాట అన్న క్షణం నుంచే పది అనుకుంటాడు. కాకపోతే "5:44కి మళ్ళీ లేపుతాను" అని స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో చూపించు.

ప్రశ్న: నేను కాడుగోడి దగ్గర ఉంటాను సార్. నా యాప్‌లో స్నూజ్‌కి హ్యాండ్లర్ పోస్ట్‌డిలేడ్ (ఇంతసేపు ఆగి ఈ పని చెయ్ అని యాప్‌లోనే చెప్పే పద్ధతి) వాడి పది నిమిషాలు ఇచ్చాను. ఆఫీసులో ఫోన్‌ని లాప్‌టాప్‌కి కలిపి ఇరవై సార్లు చూశాను, ఒక్క సెకను కూడా తేడా రాలేదు. పొద్దున మాత్రం ఒకరోజు ఇరవై నిమిషాలకి మోగింది, ఒకరోజు అసలు మోగలేదు. మా రూంలో ముగ్గురికి ఒకటే ప్లగ్ పాయింట్, వంతులేసుకుంటాం కాబట్టి నా ఫోన్ సాధారణంగా తలగడ పక్కనే ఉంటుంది. ఫోన్ పాడైందంటారా?

జవాబు: ఫోన్‌కేం కాలేదమ్మా. మీ ఉత్తరంలో ప్లగ్ పాయింట్ సంగతి మీరు మామూలుగా రాసేశారు కానీ కీలకం అక్కడే ఉంది. ఆఫీసులో కేబుల్ ఉంది, పొద్దున కేబుల్ లేదు.

హ్యాండ్లర్ పోస్ట్‌డిలేడ్ వాడే గడియారం, ఫోన్ మెలకువగా ఉన్న సమయాన్ని మాత్రమే లెక్కపెడుతుంది. స్క్రీన్ ఆరిపోయి ప్రాసెసర్ గాఢంగా నిద్రపోతే ఆ గడియారం కూడా ఆగిపోతుంది. మీరు పది నిమిషాలు అన్నారు, ఫోన్ అందులో మూడు నిమిషాలు మేలుకుని, మధ్యలో నిద్రపోయి, ఎవరిదో మెసేజ్ వచ్చి లేచి, మిగతా లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు అలా అయ్యాయి. అసలు మోగని రోజున, మెమరీ కోసం సిస్టమ్ మీ యాప్ ప్రాసెస్‌నే చంపేసి ఉంటుంది, దాంతోపాటు హ్యాండ్లర్ కూడా పోయింది. కేబుల్‌లో ఉన్న ఫోన్ ఇలా గాఢంగా నిద్రపోవడం అరుదు, అందుకే లాప్‌టాప్ దగ్గర అంతా సవ్యంగా కనిపించింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి లాగా.

కాబట్టి స్నూజ్ ఎంత చిన్నదైనా దాన్ని ఆండ్రాయిడ్‌లో అలారాలు చూసుకునే అలారం మేనేజర్ చేతిలోనే పెట్టాలి. అందులోనూ ఏ ఫంక్షన్ అన్నది చూసుకోవాలి. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అని ఒకటి వచ్చింది: ఛార్జింగ్‌లో లేని ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆరి చాలాసేపు ఉంటే సిస్టమ్ పనులన్నీ వాయిదా వేస్తుంది. కచ్చితమైన టైముకి మోగించే మామూలు ఫంక్షన్ సెట్‌ఎగ్జాక్ట్ కూడా ఆ వాయిదాలో ఇరుక్కుంటుంది. సెట్‌ఎగ్జాక్ట్‌అండ్‌అలౌవైల్‌ఐడిల్ అని గుక్క తిప్పుకోకుండా చదవాల్సిన పేరుతో ఇంకోటుంది, అది డోజ్‌లో కూడా మోగుతుంది కానీ ఒక యాప్‌కి తొమ్మిది నిమిషాలకి ఒక్కసారే. మీరు ఐదు నిమిషాల స్నూజ్ ఇస్తే ఈ హద్దు దాటినట్టే. స్నూజ్ నొక్కినప్పుడు స్క్రీన్ వెలుగుతుంది కాబట్టి ఫోన్ వెంటనే డోజ్‌లోకి పోదు, చాలాసార్లు దొరక్కుండా తప్పించుకుంటాం, నిజమే. అయినా మనిషిని లేపే పనిలో "చాలాసార్లు" అన్న మాట నాకు నచ్చదు.

అలారం యాప్‌కి సరైనది సెట్‌అలారంక్లాక్. 2014లో ఆండ్రాయిడ్ 5తోనే వచ్చింది. ఇది పెడితే పైన స్టేటస్ బార్‌లో చిన్న గడియారం బొమ్మ కనిపిస్తుంది, అలారం టైము దగ్గర పడుతుంటే సిస్టమ్ తనంతట తానే డోజ్‌లోంచి బయటికి వస్తుంది. అసలు అలారానికీ స్నూజ్‌కీ రెండింటికీ ఇదే వాడండి.

అనుమతుల సంగతి కూడా చూసుకోండి. 2021లో ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన అలారాలకి ప్రత్యేక అనుమతి కావాలి. దాని పేరు షెడ్యూల్ ఎగ్జాక్ట్ అలారం. యూజర్ దాన్ని సెట్టింగ్స్‌లో ఎప్పుడైనా తీసేయొచ్చు, 14లో అయితే కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకి అసలు మొదట్నుంచీ ఉండదు. 13లో యూజ్ ఎగ్జాక్ట్ అలారం అని ఇంకోటి ఇచ్చారు, అది అలారం, క్యాలెండర్ యాప్‌ల లాంటి వాటికే. మనది అచ్చంగా అదే కనుక దర్జాగా వాడుకోవచ్చు.

ఇక పరీక్ష. కేబుల్ తీసి, స్క్రీన్ ఆర్పి, ఫోన్‌ని బల్ల మీద పెట్టి వెళ్ళి కాఫీ తాగి రండి, ఇంతకంటే మంచి పరీక్ష లేదు. తొందరైతే ఏడీబీలో (లాప్‌టాప్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే పనిముట్టు) డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్ అని కొడితే డోజ్‌లోకి బలవంతంగా పంపొచ్చు, డంప్‌సిస్ అలారం అని కొడితే ఏ అలారం ఎప్పటికి పెట్టి ఉందో మొత్తం చిట్టా వస్తుంది. ఆ చిట్టాలో మీ స్నూజ్ కనిపించకపోతే పొద్దున దాని కోసం ఎదురుచూడక్కర్లేదు. కొన్ని కంపెనీల ఫోన్లలో బ్యాటరీ మిగల్చే సొంత సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది ఇవన్నీ సరిగా ఉన్నా యాప్‌ని ఆపేస్తుంది. దాన్ని ఆఫ్ చేయమని యూజర్‌ని మర్యాదగా అడగడం తప్ప మన చేతిలో ఏమీ లేదు.

ప్రశ్న: ఐఫోన్‌లో స్నూజ్ తొమ్మిది నిమిషాలెందుకు? పదో, ఐదో పెట్టొచ్చుగా? (ఎలక్ట్రానిక్ సిటీ నుంచి)

జవాబు: పాత గడియారాల వాసన అది. 1956లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ టెలిక్రాన్ విభాగం స్నూజ్ ఉన్న అలారం గడియారం అమ్మకానికి పెట్టింది. తొమ్మిది దగ్గరే ఎందుకు ఆగారన్నదానికి రకరకాల కథలున్నాయి, పళ్ళచక్రాల అమరికలో సరిగ్గా పది కుదరలేదన్నది అందులో ఎక్కువగా వినపడేది. అంకెల గడియారాలు వచ్చినా, ఫోన్లు వచ్చినా ఆ తొమ్మిది మాత్రం వారసత్వంగా వస్తూనే ఉంది. ఐఫోన్‌లో అది మార్చుకునే వీలు ఏళ్ళ తరబడి లేదు, 2025లో ఐఓఎస్ 26తో ఒకటి నుంచి పదిహేను నిమిషాల దాకా పెట్టుకునేలా చేశారు. అదే వెర్షన్‌తో బయటి యాప్‌లకి కూడా అలారాలు పెట్టుకునేందుకు అలారంకిట్ అనే పనిముట్టు ఇచ్చారు, అంతకుముందు వాళ్ళు నోటిఫికేషన్లతోనే నెట్టుకొచ్చేవారు.

మీ యాప్‌లో ఐదు, పది, పదిహేను ఇస్తే చాలు. ఒకతను ఒకటి నుంచి అరవై దాకా స్లైడర్ పెట్టానని గర్వంగా రాశాడు. బాబూ, గంటసేపు పడుకునేది స్నూజ్ కాదు, రెండో నిద్ర.

ప్రశ్న: నేను కోడింగ్ చేసేదాన్ని కాదండీ. మారతహళ్ళిలో ఉంటాం. మా వారికి రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్ళతో కాల్స్. పొద్దున ఆరింటికి అలారం పెట్టుకుంటారు, ఎనిమిదిసార్లు స్నూజ్ నొక్కుతారు, ఒక్కసారి నొక్కినట్టు కూడా గుర్తుండదు. ఎనిమిదిసార్లూ లేచేది నేనూ, పక్కగదిలో మా అత్తగారూ. ఏడుంపావుకి పాప స్కూల్ బస్సు. మీలాంటివాళ్ళు అసలు ఈ స్నూజ్ ఎందుకు పెడతారు?

జవాబు: అమ్మా, మా జాతి తరఫున క్షమించండి. మీ వారు అబద్ధం చెప్పడం లేదు. గాఢనిద్రలోంచి హఠాత్తుగా లేస్తే కాసేపటిదాకా బుర్ర మత్తుగానే ఉంటుంది, పావుగంట నుంచి అరగంట దాకా ఉండొచ్చు, నిద్ర తక్కువైనవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఆ మత్తులో చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, మనిషికి గుర్తుండదు. అసలు రోగం నిద్ర చాలకపోవడం. దానికి మందు యాప్‌లో లేదు, పదకొండు గంటల కాల్‌లో ఉంది.

కానీ యాప్ చేసేవాళ్ళం చేయగలిగిందొకటుంది, ఈ పేజీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ రాసుకోండి: స్నూజ్‌కి లెక్క పెట్టండి. మూడుసార్లు చాలు. ప్రతిసారీ బటన్ మీద "ఇంకా రెండు", "ఇంకా ఒకటి" అని కనబడాలి, నాలుగోసారి మోగినప్పుడు స్నూజ్ బటనే ఉండకూడదు, ఆపడం ఒక్కటే మిగలాలి. ఆ లెక్క కూడా డేటాబేస్‌లో పెట్టండి, మెమరీలో పెట్టుకుంటే యాప్ ప్రాసెస్ పోయినప్పుడల్లా మళ్ళీ సున్నా నుంచి మొదలై మీ వారి లాంటివాళ్ళకి వరం దొరుకుతుంది. మర్నాటి అలారం మోగినప్పుడు మాత్రం లెక్క సున్నా చేయడం మర్చిపోకండి. నేనొకసారి మర్చిపోయి, నాలుగో రోజు నుంచి నాకే స్నూజ్ లేకుండా చేసుకున్నాను.

ఈలోపు మీరు చేయగలిగింది: చాలా ఫోన్ల అలారం సెట్టింగ్స్‌లో స్నూజ్‌ని ఆపేసే వీలుంటుంది. ఫోన్‌ని మంచానికి దూరంగా, బీరువా మీద పెట్టించండి. మీరు లేపకండి. ఒక్కరోజు పాపని బస్సుకి కాకుండా ఆయన బండి మీద స్కూల్లో దింపాల్సి వస్తే, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్కే మిగతాది చూసుకుంటుంది.

ప్రశ్న: జయనగర్ నుంచి. నాన్నగారికి పొద్దున పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర కోసం నేనే అలారం యాప్ చేసిచ్చాను. "స్నూజ్", "ఆపు" పక్కపక్కన పెట్టాను, స్నూజ్ నీలం, ఆపు ఎరుపు. కళ్ళజోడు లేకుండా ఆయన ప్రతిసారీ ఎరుపే నొక్కుతున్నారు. అడిగితే "ఎర్రగా మెరిసింది, నొక్కాను" అంటున్నారు.

జవాబు: ఆయన చెప్పిందే నిజం. మీరు ఆ బటన్లను గీసింది మధ్యాహ్నం, పెద్ద మానిటర్ ముందు, కళ్ళు పూర్తిగా తెరిచి. వాడేది చీకట్లో, ఒంటి కన్నుతో, ఫోన్ తలకిందులుగా పట్టుకుని. రెండు బటన్లూ ఒకే రకంగా పనిచేయకూడదు: స్నూజ్‌కి సగం స్క్రీన్ ఇచ్చేయండి, ఎక్కడ తాకినా పడాలి. ఆపడానికి మాత్రం వేలు పక్కకి జరపాలి. పొరపాటున స్నూజ్ పడితే పోయేది పది నిమిషాలు, పొరపాటున ఆపేస్తే మొత్తం పోతుంది, కాబట్టి కష్టం రెండోదానికి పెట్టాలి. ఆపేశాక కూడా "అలారం ఆపారు, మళ్ళీ మోగించాలా?" అని ఒక నోటిఫికేషన్ కాసేపు ఉంచండి.

బటన్లు పెద్దగా కనబడాలంటే అలారం లాక్ స్క్రీన్ మీద పూర్తిగా తెరుచుకోవాలి, దానికి ఫుల్‌స్క్రీన్ ఇంటెంట్ అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి ప్లే స్టోర్ వాళ్ళు దాన్ని కాల్స్, అలారం యాప్‌లకే నేరుగా ఇస్తున్నారు. అది లేకపోతే పైన వేలెడంత నోటిఫికేషన్ మాత్రమే వస్తుంది, అందులో మీ నాన్నగారికి ఏ రంగూ కనబడదు. ఇంకో మాట, మాత్రకి స్నూజ్ వేరు, నిద్రకి స్నూజ్ వేరు. ఇక్కడ "ఆపు" అని రాయకండి, "వేసుకున్నాను" అని రాయండి.

ప్రశ్న: స్నూజ్ పెట్టాక ఫోన్ రీస్టార్ట్ అయితే? అంత అరుదైనదానికి కోడ్ రాయాలా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: నేనూ అలాగే అనుకున్నాను. కొన్నేళ్ళ కిందట కె.ఆర్.పురంలో పొద్దున్నే రైలెక్కి ఊరికి వెళ్ళాలి, చెల్లెలి నిశ్చితార్థం. నా యాప్‌లోనే అలారం పెట్టుకుని పడుకున్నా. రాత్రి ఎప్పుడో ఫోన్ తనంతట తాను అప్‌డేట్ వేసుకుని, రీస్టార్ట్ అయ్యి, పిన్ నంబర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. నేను లేచేసరికి కిటికీలోంచి ఎండ. ఊళ్ళో తాంబూలాలు మార్చుకునే టైముకి నేను బస్సులో అనంతపురం కూడా దాటలేదు. చెల్లెలు ఇప్పటికీ నన్ను "అలారం ఇంజనీర్" అంటుంది.

రీస్టార్ట్ అయితే పెట్టిన అలారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ఫోన్ లేచిందన్న కబురు విని మళ్ళీ పెట్టుకోవాలి. నేను బూట్ కంప్లీటెడ్ అన్న కబురు వింటున్నాను, సరే, కానీ అది యూజర్ పిన్ కొట్టాకే వస్తుంది. పిన్ కొట్టాల్సినవాడు నిద్రపోతున్నాడు. 2016లో ఆండ్రాయిడ్ 7తో డైరెక్ట్ బూట్ వచ్చింది: లాక్డ్ బూట్ కంప్లీటెడ్ అన్న కబురు పిన్ కొట్టకముందే వస్తుంది, అయితే అప్పటికి మామూలు స్టోరేజీ ఇంకా తాళంలోనే ఉంటుంది కాబట్టి అలారాల జాబితాని, ఆ "స్నూజ్ ఎప్పటిదాకా" గడితో సహా, పిన్ కొట్టకముందే తెరుచుకునే డివైస్ ప్రొటెక్టెడ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. ఆ కబురు వినే రిసీవర్‌కి కూడా మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు రాసే ఫైల్) డైరెక్ట్ బూట్ అవేర్ అని రాయాలి, నేను రెండోసారి మర్చిపోయింది అదే. ఫోన్ లేచేసరికి స్నూజ్ టైము దాటిపోయి ఉంటే? అరగంటలోపు అయితే వెంటనే మోగించెయ్యండి, అంతకుమించితే అలారం తప్పిపోయిందని ఒక నోటిఫికేషన్ పెట్టండి. రింగ్‌టోన్‌ని కూడా చూసుకోండి, యూజర్ ఎంచుకున్న పాట తాళంలో ఉన్న స్టోరేజీలో ఉంటే తెరుచుకోదు, యాప్‌లోనే ఒక మామూలు గంట శబ్దం దాచుకోవాలి.

ప్రశ్న: యాప్ మొత్తం తెలుగులో చేస్తున్నాను. స్నూజ్‌ని ఏమనాలి? "తాత్కాలిక వాయిదా" అని పెట్టాను.

జవాబు: అది చదివేసరికి నిద్ర ఎగిరిపోతుంది, ఆ లెక్కన యాప్ పని అయిపోయినట్టే. మా ఇంట్లో లేపడానికొస్తే అందరూ అనేది ఒకటే మాట, "ఇంకాసేపు". బటన్ మీద అదే పెట్టండి.